గురువారం మాత్ర

తౌనో పొద్దున లేవగానే బరువు చూసుకుంటాడు, ఆ తర్వాతే కాఫీ. ఒంట్లో నీరు చేరితే కాళ్ళకంటే ముందు తూకమే చెబుతుందని నర్సు సైలా చెప్పింది. వారం మాత్రలు సర్దిపెట్టిన డబ్బాలో ఆ రోజు గడి తెరుస్తాడు. అలిసిన గుండెకు పని తేలిక చేసేదొకటి, దాని పరుగు తగ్గించేదొకటి, నీరు లాగేసేదొకటి. దుంగల లారీ నడిపినవాడు. ఇంజనులో నూనె పోసినంత మామూలుగా మింగేస్తాడు. నీటి మాత్ర వేసుకుంటే మాత్రం మధ్యాహ్నం దాకా మరుగుదొడ్డికి తిరగడమే పని. అందుకే గురువారం దాన్ని డబ్బాలోనే వదిలేసేవాడు. ఆ రోజు బస్సెక్కి, మతిమరుపు ముదిరిన భార్య హెల్వి ఉండే వృద్ధాశ్రమానికి వెళ్ళేవాడు. ఫిన్లాండంతటా లాగే అక్కడా గురువారం బఠానీ సూప్. స్పూనుతో తాగించి, ఆమె మూతి తుడిచి వచ్చేవాడు.

ఈ ఆకురాలు కాలంలో అతని కాళ్ళు ఉబ్బాయి. సైలా అతని చీలమండ మీద వేలితో నొక్కితే పడిన గుంట ఎంతకీ పూడలేదు. ఆమె డబ్బా తెరిచి చూసింది.

"నిన్నటి నీటి మాత్ర అలాగే ఉందేం, తౌనో?"

"నిన్న గురువారం కదమ్మా. బస్సులో మరుగుదొడ్డి ఉండదు."

సైలా డబ్బా మూసింది. "హెల్వి గారు వసంతంలోనే పోయారు కదా. ఇంకా ఎక్కడికెళ్తున్నారు?"

"ఎక్కడికీ లేదు," అన్నాడు తౌనో, మేజోడు పైకి లాక్కుంటూ. "కోటు వేసుకుని కూర్చుంటాను. బస్సు వెళ్ళిపోయాక విప్పేస్తాను."