బస్సులో నిద్రపోతూ ఇచ్చిన గ్యారంటీ

చదువు వల్ల రాని పేరు నాకు బస్సులో నిద్రపోవడం వల్ల వచ్చింది. ఎలాగో చెప్తా, టీ మాత్రం చల్లారనివ్వకండి.

నేను గద్వాలలో పశువుల డాక్టర్నని తెలుసు కదా. ఆమధ్య మాకు వనపర్తిలో ట్రైనింగ్ పెట్టారు. గొడ్ల జబ్బుల మీద కాదు, కాంట్రాక్టు చట్టం మీద! లాయర్ గారొకాయన చాలా ఓపికగా చెప్పారు. ఒకరు అడగాలి, ఇంకొకరు ఒప్పుకోవాలి, ఆ ఒప్పుకోవడం మనస్ఫూర్తిగా ఉండాలి. కాగితమే అక్కర్లేదు, నోటిమాట కూడా ఒప్పందమే. "ఫలితానికి మాత్రం గ్యారంటీ ఇవ్వకండి. శ్రద్ధగా చూస్తానని మాటివ్వండి, చాలు" అన్నారు. నేను బుద్ధిగా తలూపా. తర్వాత బగారా అన్నం పెట్టారు. అసలు తప్పంతా ఆ అన్నానిదే.

సాయంత్రం గద్వాల బస్సెక్కితే కిటికీ సీటు దొరికింది. పక్కన సవారమ్మ అని ఒక పెద్దావిడ, ఇటిక్యాల దగ్గర పల్లె. ఏం పని చేస్తావంటే చెప్పా. ఇక తన బర్రె కథ ఎత్తుకుంది. నేను మర్యాదకి ఊ కొడుతున్నా. పెబ్బేరు దాటాక చల్లగాలి తగిలింది, కళ్లు వాలిపోయాయి. బస్సు బీచుపల్లి వంతెన ఎక్కినట్టుంది, కృష్ణ నీళ్ల వాసన నా నిద్రలోకి కూడా వచ్చేసింది. కలలో నది నడుమ లాయర్ గారు నల్లకోటు వేసుకుని బర్రె మీద కూర్చున్నారు. బర్రె మెల్లగా ఈదుతోంది. నీళ్లన్నీ ఎర్రటి ఎండ. ఆయన అక్కణ్నుంచే ఏదో అడుగుతున్నారు, నేను ఒడ్డున కాళ్లు చాపుకుని ఊ అంటున్నా. జీవితంలో అంత హాయిగా ఎప్పుడూ లేను.

ఎవరో భుజం పట్టి ఊపారు. ఎర్రవల్లి చౌరస్తా.

"దిగు సారూ, మా ఊరికి వస్తనంటివి గద" అంది సవారమ్మ.

నేనెప్పుడన్నా? అన్నానట. ముందు సీటావిడ, వెనక సీటావిడ ఇద్దరూ సాక్ష్యం. అంతటితో అయిపోతే బాగుండేది. బర్రె చూడి కట్టడం లేదని, వట్టిపోయిందని ఆవిడ కొడుకు దాన్ని ఆ సాయంత్రమే అమ్మేస్తున్నాడట. "కట్టే ఉంటది గద సారూ" అని ఆవిడ అడిగిందట. నేను ఊ అన్నానట. వెంటనే బస్సులోంచే ఫోన్ చేసి, డాక్టర్ సారే చెప్పాడు, అమ్మొద్దని కొడుక్కి చెప్పేసింది. కొనడానికి వచ్చినవాడు లేచి వెళ్లిపోయాడు కూడా.

నా మత్తంతా దిగిపోయింది. కనీసం కళ్లతో చూడని బర్రెకి గ్యారంటీ ఇచ్చేశా.

వాళ్ల ఊరికి వెళ్లే ఆటోలో లాయర్ గారిని తల్చుకుని వాదించా. నిద్రలో అన్న ఊ లెక్కలోకి రాదమ్మా, మనిషి తెలివిలో ఉండి ఒప్పుకోవాలి అన్నా. ఆవిడ నన్ను జాలిగా చూసింది.

"మెలకువల ఉన్నోళ్లే గద సారూ అబద్ధాలాడేది. నిద్రల ఎవరాడుతరు?"

దీనికి చట్టంలో జవాబు ఉండే ఉంటుంది.

ఇంటి ముందు కొడుకు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఇంటికొచ్చిన బేరం పోగొడితివి. వట్టిదైతే నువ్వే తోల్కపో సారూ" అన్నాడు, అరవకుండానే. గద్వాలలో నా అద్దె గది మేడ మీద. ఆ ఇరుకు మెట్లెక్కుతున్న బర్రె కళ్ల ముందు కనబడింది.

సంచిలో ఎప్పుడూ ఉండే పొడుగు గ్లౌజు తొడుక్కుని, బర్రె వెనక నిలబడి చెయ్యి లోపలికి పెట్టా. చూడి పరీక్షలో కళ్లు మూసుకోవడం నాకు అలవాటు, చూసేది వేళ్లే కదా. లోపల వెచ్చగా, చీకటిగా, నిశ్శబ్దంగా ఉంది. చాలాసేపు ఏమీ లేదు. ఉన్నట్టుండి నీళ్లలో మునిగిన నిమ్మకాయలాంటిదేదో తేలుతూ వచ్చి, వేలికి తగిలి, పక్కకు జరిగింది.

ఉంది! దూడ ఉంది. ఇంకొంచెముంటే బర్రె తోక పట్టుకునే ఏడ్చేసేవాణ్ని.

కొడుకు నా చేతుల మీద నీళ్లు పోశాడు. సవారమ్మకి మాత్రం ఆశ్చర్యమే లేదు. "బస్సులనే చెప్తివి గద. మల్ల చెయ్యి పెట్టి సూసుడెందుకు? నీ మాట నువ్వే నమ్మకపోతివి" అని నన్నే కోప్పడింది.

ఆ సంగతి నాకంటే ముందే ఊళ్లు దాటింది. నిన్న అమరచింత నుంచి ఒక పెద్దాయన ట్రాలీలో ఆవుని దవాఖానకి తెచ్చాడు. చూడి కట్టిందా అని అడిగాడు. నేను లాయర్ గారు నేర్పినట్టే జాగ్రత్తగా, పరీక్ష చేయకుండా చెప్పలేను, చేశాక కూడా గ్యారంటీ ఇవ్వలేను అన్నా. ఆయన అంతా శ్రద్ధగా విన్నాడు. భుజం మీది తువ్వాలు తీసి వరండాలో బల్ల దులిపాడు.

"తొందరేం లేదు సారూ. జర ఒరుగు. నీకు నిద్ర పట్టినంక అడుగుత."