వాన కోటు జేబులో ఖాళీ తూటా

నేను ఎవరినీ నమ్మను. ఇది గొప్పగా చెప్పుకునే గుణం కాదని నా భార్య అంటుంది గానీ, మా ఇంటికి నెలనెలా బియ్యం వచ్చేది ఈ గుణం వల్లనే. నూనె, రసాయనాల ఫ్యాక్టరీలుండే జురాంగ్ ఐలాండ్‌కి పోయే దారిలో గేటు దగ్గర సంచులు, బండ్లు తనిఖీ చేయడం నా ఉద్యోగం. అన్నం డబ్బాలు, స్పానర్లు, తడి తువ్వాళ్లు అన్నీ ఎక్స్‌రే తెర మీద రంగురంగుల నీడలుగా కదిలిపోతుంటాయి. ఎవడు సాక్సులో లైటరు దాచాడో, ఎవడు రెండో ఫోను తెచ్చాడో కనిపెట్టాలి. "ఏం లేదు అంకుల్" అని నవ్వుతూ చెప్పే కుర్రాడి సంచిని నేను రెండుసార్లు వెతుకుతాను. నిజంగా ఏమీ లేనివాడు నవ్వడు, విసుక్కుంటాడు.

అనుమానం పెనుభూతం అని నా భార్య రోజుకోసారైనా అంటుంది. భూతమైతే ఏం, జీతం తెచ్చే భూతం అంటాను నేను.

ఇలాంటి ఇంట్లో పెరిగిన మా అమ్మాయి చదువు అయిపోగానే కెనడా ఉత్తరపు కొండల్లో వేసవి పనికి కుదిరింది. వాగుల్లో నీళ్లూ మట్టీ పట్టి పరీక్షకు పంపే పని. హెలికాప్టర్‌లో దింపుతారనీ, డేరాల్లో పడుకోవాలనీ చెప్పింది. అవన్నీ నేను మెల్లగా మింగాను. చివర్లో, ప్లేటు కడుగుతూ, నా వైపు తిరగకుండా అసలు సంగతి బయటపెట్టింది.

"అక్కడ బేర్స్ ఉంటాయి నాన్న. సో ఇద్దరిద్దరు వెళ్తే ఒకరు రైఫిల్ క్యారీ చెయ్యాలి. ట్రైనింగ్ ఇస్తారు. మా టీమ్‌లో నేనే చేస్తా."

ఈ ఊళ్లో తుపాకీ అనే మాట ఇంట్లో పలకడానికి కూడా నాకు గొంతు తగ్గుతుంది. లైసెన్సు లేకుండా అది దొరికితే ఏమవుతుందో ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. అలాంటిది నా కూతురు, బల్లిని చూస్తే కుర్చీ ఎక్కే పిల్ల, భుజాన రైఫిల్ వేసుకుని ఎలుగుబంట్ల మధ్య తిరుగుతుందట. ఎవడో మోసం చేస్తున్నాడనుకున్నాను. కంపెనీ దొంగదేమోనని దాని అడ్రసు మ్యాపులో వెతికాను. భవనం నిజంగానే ఉంది. అయినా నమ్మకం కుదరలేదు.

ఇక ఆ తుపాకీ సంగతేమిటో తేల్చుకుందామని, పనికి పోతూ వుడ్‌ల్యాండ్స్‌లో రైలెక్కింది మొదలు ఫోన్లో చదవడం మొదలుపెట్టాను. పక్కనున్నవాడు చూసి నామీదే పోలీసులకి ఫోన్ చేస్తాడేమోనని తెరని గుండెకి ఆనించుకుని చదివేవాణ్ణి. లీవర్ యాక్షన్ రైఫిల్ అంటారు దాన్ని. ట్రిగ్గరు చుట్టూ పెద్ద ఉంగరం లాంటి పిడి ఉంటుంది, అదే లీవరు. దాన్ని ముందుకి తోస్తే పేలిన తూటా బయటికి ఎగిరిపోతుంది, వెనక్కి లాగితే కొత్తది లోపలికి ఎక్కుతుంది. తూటాలు గొట్టం కింద వరసగా పడుకుని ఉంటాయి. పక్కలు చదునుగా ఉంటాయి కాబట్టి వీపుకి అంటుకుని ఉంటుందనీ, గొట్టం పొట్టిది కాబట్టి పొదల్లో తగులుకోదనీ రాశారు.

పొట్టివాడికి పుట్టెడు బుద్ధులంటారు. నాకు ఆ పొట్టితనం మీదే మొదటి అనుమానం. అంత పెద్ద జంతువుకి ఇంత చిన్న తుపాకీ ఏమిటి? పైగా పాతకాలపు తయారీ. పొగిడేవాళ్లంతా అమ్మేవాళ్లే, అమ్మేవాడు తన సరుకు చెడ్డదంటాడా? కానీ ఒక మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. డేరాలో వదిలేసిన పెద్ద తుపాకీ కన్నా ఒంటి మీదున్న చిన్న తుపాకీ మేలు అని ఒకాయన రాశాడు.

అది నిజమని నాకు తెలుసు. నేను పుట్టింది జొహోర్‌లో ఒక రబ్బరు ఎస్టేట్‌లో. మా పెద్దనాన్న తెల్లవారుజామున రబ్బరు చెట్ల పాలు తీస్తుంటే అడవిపంది వచ్చి తొడ చీల్చింది. అడవిపందిని మలయ్‌లో అనే మాట, బాబి హుటాన్ అని అరుస్తూ జనం పరిగెత్తారు. ఎస్టేట్‌కి మంచి తుపాకీ ఉంది. మేనేజరు ఆఫీసులో, బీరువాలో, తాళం కింద ఉంది. తాళం చెవి తెచ్చేలోగా పంది వెళ్లిపోయింది, మా పెద్దనాన్న కాలూ పోయింది. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్లూ ఆ బీరువానే తిట్టాడు, పందిని ఒక్క మాట అనలేదు. అందుకని మా అమ్మాయితో, "మోస్తే రోజంతా మొయ్యి. డేరాలో పెట్టి తిరక్కు" అని మాత్రం చెప్పి పంపాను. పంపాను అంటున్నాను గానీ, వద్దన్నా అది ఆగేది కాదు.

వేసవి ముగిశాక నల్లబడి, సన్నబడి తిరిగి వచ్చింది. ఎయిర్‌పోర్టులో నేను సంచి అందుకుని ఇంకా నోరు తెరవనేలేదు.

"ఓకే లా నాన్న. సూపర్ బోరింగ్. ఏం జరగలేదు. రైఫిల్ భుజం మీంచి దించనే లేదు" అంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. నేను అడగని ప్రశ్నకి జవాబెందుకు? ఆ రోజు నుంచి దాన్ని గమనించడం మొదలుపెట్టాను. తలుపు గట్టిగా పడితే ఉలిక్కిపడుతోంది. సాయంత్రం ముగ్గురం వాటర్‌ఫ్రంట్ వైపు నడుస్తుంటే, దారి పక్కన పొదలు దగ్గర పడేసరికి చప్పట్లు కొట్టింది. నేను చూశానని తెలిసి, దోమలు అంది. ఎలుగుబంట్లున్న చోట పొదల దగ్గర చప్పుడు చేస్తూ నడవాలని నేనూ చదివాను. ఫోన్లో ఎవరితోనో చిన్న గొంతుతో మాట్లాడుతోంది. అబ్బాయి అయ్యుంటాడు, ఊరుకోండి అంది నా భార్య. అబ్బాయి అయితే ముఖంలో కాస్త వెలుగుండాలి. ఈ పిల్ల ఫోన్ పెట్టేశాక గోడ వైపు చూస్తూ కూర్చుంటోంది.

ఒక ఆదివారం బట్టలు మెషీన్లో వేసే పని నాకు పడింది. టిష్యూ కాగితం ఉంటే బట్టలన్నీ పాడవుతాయని నేను ప్రతి జేబూ తడుముతాను. అమ్మాయి వాన కోటు లోపలి జేబులో చల్లగా ఏదో తగిలింది. తీసి చూస్తే ఇత్తడి తూటా, నా చూపుడు వేలిలో రెండు కణుపులంత పొడవు. నోరు తెరుచుకుని, లోపల ఖాళీగా ఉంది. అడుగున మధ్యలో చిన్న సొట్ట. అంటే పేలింది. వాసన చూశాను. ఇంకా ఉంది.

వెంటనే గుప్పిట మూశాను. వేరే దేశంలో అది పేపర్‌వెయిట్. ఇక్కడ అనుమతి లేకుండా ఖాళీది తేవడం కూడా నేరమే. వెనకటి ఉద్యోగంలో, సాయుధ గార్డుగా ఉన్నప్పుడు, మాకు తుపాకీ శిక్షణ ఉండేది. పేల్చిన ప్రతి తూటాకీ ఖాళీ తొడుగు అప్పజెప్పాలి. ఒకటి తగ్గితే అందరం గడ్డిలో మోకాళ్ల మీద వెతికేవాళ్లం, దొరికేదాకా ఎవడూ ఇంటికి పోయేవాడు కాదు. అలాంటి వస్తువు దారిలో ఎవరి కంటా పడకుండా నా ఇంటికి, నా వాషింగ్ మెషీన్ దాకా వచ్చింది.

మా అమ్మాయిని లేపి, అరచెయ్యి తెరిచి చూపించాను.

"ఏటిది?"

"ఓ, అదా. ప్రాక్టీస్‌లో కాల్చింది నాన్న. సావనీర్."

"ప్రాక్టీసులో ఎన్నో కాలుస్తారు. ఒక్కటే ఎందుకు తెచ్చావు?"

"క్యూట్‌గా ఉందని."

కళ్లు దించుకుని క్యూట్ అనేవాళ్లని నేను మొదటిసారి చూశాను. కానీ ముందు చట్టం సంగతి చెప్పాల్సి వచ్చింది. వింటూంటే దాని ముఖం తెల్లబడిపోయింది. వచ్చే వేసవి నుంచి పర్మనెంట్‌గా రమ్మన్నారట. పోలీసు కేసు పడితే అక్కడ రైఫిల్ పట్టుకోవడానికి అనుమతి దొరకదు, అనుమతి లేకపోతే ఆ పని లేదు.

"సుదా లా, ఇక చాలు, చెత్త చూట్‌లో పడేయండి. ఎవరు చూస్తారు?" అంది నా భార్య.

"ఈ ఊళ్లో చెత్త కూడా సాక్ష్యం చెబుతుంది. రేపు పొద్దున్నే పోయి అప్పజెప్పేద్దాం" అన్నాను.

అన్నాను గానీ, మంచం మీద పడుకున్నాక నా మీద నాకే అనుమానం వచ్చింది. చట్టానికి భయపడి తీసుకెళ్తున్నానా, లేక కేసు పడితే అమ్మాయికి ఇక ఆ కొండలకి పోవడం కుదరదని తీసుకెళ్తున్నానా? ఎంత ఆలోచించినా తేలలేదు. వేరేవాడి సంచి అయితే క్షణంలో తేల్చేవాణ్ణి.

పోలీస్ సెంటర్‌లో కౌంటర్ దగ్గర ఉన్న ఆఫీసర్ మలయ్ కుర్రాడు, మర్యాదస్తుడు. నన్ను అంకుల్ అని కూర్చోబెట్టి, తూటాని ప్లాస్టిక్ కవర్లో వేసి, మా అమ్మాయిని ఇంగ్లీషులో అడగసాగాడు. ఎక్కడిది? ఏ రైఫిల్‌ది? ఎవరు పేల్చారు?

"నేనే" అంది.

"దేని మీద?"

అమ్మాయి నా వైపు చూసింది. తర్వాత కౌంటర్ వైపు తిరిగి, నేను అక్కడ లేనట్టుగా చెప్పడం మొదలుపెట్టింది. వాగు పక్కన పొదల్లోంచి ఎలుగుబంటి మీదికి వచ్చిందట. పార్ట్‌నర్ దాని మీదికి మిరపఘాటు స్ప్రే కొడితే ఎదురుగాలికి తిరిగి వాడి ముఖానే పడిందట. వాడు కళ్లు మూసుకుని కింద కూర్చుండిపోయాడట. అప్పుడు తను రైఫిల్ పేల్చిందట.

"ఎంత దూరంలో ఉంది?"

"ఇక్కడి నుంచి ఆ వాటర్ కూలర్ దాకా."

నేను తల తిప్పి వాటర్ కూలర్‌ని చూశాను. ఒక ముసలావిడ చెయ్యి చాచి కప్పు అందుకుంటోంది. కుర్చీలో కూర్చున్నవాణ్ణే అయినా చేతులు కుర్చీ పట్టుకున్నాయి. నాకు భయం వేసింది, అంతకంటే ఎక్కువగా కోపం వచ్చింది. నాకు చెప్పని మాట ఈ కుర్రాడికి చెబుతోంది.

ఆఫీసర్ టైపు చేయడం ఆపి, "మీ నాన్నకి తెలీదా?" అని అడిగాడు.

"తెలీదు."

"ఎందుకు చెప్పలేదు?"

"బేర్ ఒక్కసారి వచ్చి వెళ్లిపోయింది సర్. మా నాన్న క్వశ్చన్స్ ఎప్పటికీ వెళ్లవు."

ఆఫీసర్ నవ్వబోయి, నా ముఖం చూసి ఆపుకున్నాడు. విచారణ చేసి కబురు చేస్తామని పంపించేశాడు. కొన్ని వారాల తర్వాత హెచ్చరికతో వదిలేశారు. కానీ ఆ రోజు మాకు ఆ సంగతి తెలీదు.

అక్కడి నుంచి తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌కి నడిచాం. అమ్మాయి టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల మాదని చోప్ చేసింది. నేను చేపల సూపు, కోపీ అనే ఇక్కడి కాఫీ తెచ్చాను. నా నోటి నిండా ప్రశ్నలే. ఎలుగుబంటి చచ్చిందా? నీకు దెబ్బ తగిలిందా? మీ లీడరు ఎక్కడున్నాడు? స్ప్రే గాలికి ఎదురు కొట్టకూడదని ఆ వెధవకి తెలీదా? నా ప్రశ్నల గురించి ఆ మాట ఆఫీసర్‌తో అనేసింది కాబట్టి ఒక్కటీ అడగకూడదని పంతం పట్టాను. సూపు తాగాను. కారం ఎక్కువైంది, అదీ అనలేదు. అడగకుండా కూర్చోవడం ఇంత కష్టమని అంతవరకూ నాకు తెలీదు.

అమ్మాయి తన సూపు గిన్నె దగ్గరికి లాక్కుంది.

"అడగవా నాన్న?"

"చెప్పాలనుంటే చెప్పు."

చెంచాతో సూపు కలుపుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

"ఆయనకి మొత్తం చెప్పలేదు. ఫస్ట్ షాట్ దానికి తగల్లేదు నాన్న. దాని ముందు మట్టిలో పడింది. అది ఆగింది కానీ పోలేదు. నేను లీవర్ తోశాను. భయంలో సగమే తోసి లాగేశాను. ఖాళీది బయట పడింది, కొత్తది లోపలికి ఎక్కలేదు. మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే టిక్ అంది, అంతే. అది నిలబడి చూస్తోంది. నేను ఖాళీ గన్ పట్టుకుని దాన్ని చూస్తున్నా. లీవర్ మళ్లీ తొయ్యాలని తెలుసు, చెయ్యి కదల్లేదు. తర్వాత దానంతట అదే వెనక్కి తిరిగి పోయింది. పార్ట్‌నర్‌కి కళ్లు కనబడట్లేదు కదా, వాడికి తెలీదు. నేనే తరిమేశాననుకుని క్యాంపులో అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరికీ చెప్పలేదు. అందుకే ఆ ఒక్కటి తెచ్చుకున్నా."

నేను దాని ముఖం వైపు చూశాను. ఇన్నేళ్ల అలవాటు కదా, అబద్ధం ఎక్కడుందా అని వెతికాను. కళ్లలో వెతికాను, పెదవుల దగ్గర వెతికాను, చెంచా పట్టుకున్న వేళ్లలో వెతికాను. ఎక్కడా దొరకలేదు. దొరికితే బాగుండునని నాకు జీవితంలో మొదటిసారి అనిపించింది.

"నెక్స్ట్ సమ్మర్‌కి వెళ్లాలని ఉంది నాన్న" అంది.

వద్దు అనే మాట నాలుక చివరే ఉంది. నేను వద్దంటే ఈసారి ఆగిపోతుందని కూడా తెలుస్తూనే ఉంది. కోపీ గ్లాసు పక్కకి జరిపాను.

"ఈసారి లీవరు చివరిదాకా తొయ్యి" అన్నాను.