చెరువుకీ నాకూ ఒకటే అడ్రస్

మా అత్తవారింట్లో తొమ్మిది అంటే దేవుడి తర్వాత అంతటిది. కారు నంబరు అంకెలు కూడితే తొమ్మిది రావాలి, ఫోను నంబరుకీ అంతే. అలాంటి నంబరు దొరికేదాకా మా మామయ్యగారు కొత్త కారుని షెడ్డులోంచి బయటికి తియ్యనివ్వలేదు. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నేను చాటుగా నవ్వుకునేదాన్ని. తర్వాత నాకూ అలవాటైపోయింది. గ్యాస్ బుక్ చేసినా ఓటీపీలో తొమ్మిది ఉందా అని చూసే స్థితికి వచ్చాను.

భీమవరానికి దగ్గర్లో మా ఊరు. పెరడు దాటితే మా రొయ్యల చెరువు. హాలు పక్కగదిలో కూర్చుని నేను ఒక సంస్థ తరఫున ఆన్‌లైన్లో పిల్లలకి లెక్కలు చెబుతాను. మామయ్యగారికి నా ఉద్యోగం మీద కోపమూ లేదు, గౌరవమూ లేదు. "అమ్మాయి కంప్యూటర్లో మాట్లాడుకుంటోంది" అనేవారు చుట్టాలతో. ఒళ్లు మండేది కానీ ఊరుకునేదాన్ని.

ఆ నెలలో చెరువుకి ఆక్సిజన్ మీటరు పెట్టించారు. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో అది కొలిచి ఇంటి నెట్ మీదుగా హాల్లో టీవీకి పంపుతుంది. పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మే రోజు, దగ్గర పడింది, రొయ్య బాగా ఎదిగింది, చెరువు నిండుగా ఉంది. అలాంటప్పుడు ఆక్సిజన్ పడిపోతే మొత్తం పంట కళ్లముందే పోతుంది. అందుకే మామయ్యగారు పొద్దున లేస్తూనే టీవీ ముందు కూర్చుని, ఆ అంకెని బట్టి నీళ్లని చిలికే ఏరియేటర్లు ఎన్ని తిప్పాలో చూసుకునేవారు.

సరిగ్గా ఆ మీటరు వచ్చిన దగ్గర్నుంచే నా క్లాసులు తెగిపోవడం మొదలైంది. భిన్నాలు చెబుతూ చెబుతూ బొమ్మలా ఆగిపోయేదాన్ని. అవతల పిల్లలు నవ్వేవాళ్లు, తల్లిదండ్రులు ఫిర్యాదులు పెట్టేవాళ్లు. రూటర్ ఆపి మళ్లీ పెట్టాను, గది మార్చాను, వైరు లాగించాను. మాకు నెట్ ఇచ్చే కుర్రాడికి ఫోన్ చేసి రోజూ తలంటేదాన్ని. "లైను బానే ఉందండి" అనేవాడు, అంతే. ఒక్కోసారి లాప్‌టాప్ మూలన ఏదో చిన్న అక్షరాల హెచ్చరిక వచ్చి పోయేది. చదివేలోపే మాయమయ్యేది.

ఆ రోజు తెల్లవారుజాము నుంచీ మబ్బు. సన్నగా జల్లు పడి ఆగింది, ఆకు కదలడం లేదు. ఎండ ఉంటే చెరువులో ఆక్సిజన్ దానంతటదే పుడుతుంది, మబ్బు పట్టిన రోజు ఏరియేటర్లన్నీ తిప్పుతూనే ఉండాలి. ఆ మాట నాకు చెప్పింది మామయ్యగారే. కానీ టీవీలో ఐదు అని కనపడుతోంది. ఐదంటే భయం లేనట్టే.

"రాత్రంతా తిరిగి మోటార్లు వేడెక్కిపోయాయి, కాసేపు చల్లారనీ" అని ఒక్కటి మాత్రం ఉంచి మిగతావన్నీ ఆపించేశారు. నేను క్లాసు మొదలుపెట్టాను. గంట గడిచాక మంచినీళ్ల కోసం హాల్లోకి వస్తే ఆయన గర్వంగా టీవీ చూపించారు.

"చూశావా అమ్మా, ఇంత మబ్బులో కూడా కదలకుండా నిలబడింది. నేల అలాంటిది మనది."

నిజమే అనుకున్నాను. ఐదు ఐదులాగే ఉంది.

వెనక్కి వచ్చేసరికి క్లాసు మళ్లీ తెగిపోయింది. ఈసారి హెచ్చరిక పోకుండా నిలబడింది. ఇదే అడ్రస్ నెట్‌లో ఇంకో యంత్రానికి కూడా ఉందని దాని సారాంశం. వెంటనే నెట్ కుర్రాడికి ఫోన్ కలిపి చదివి వినిపించాను.

"ఒకే విస్తరి ముందు ఇద్దరు కూర్చున్నట్టండి. నెట్‌లో ప్రతి దానికీ వేరే అడ్రస్ ఉండాలి" అన్నాడు. "మీ లాప్‌టాప్‌కి ఎవరైనా అడ్రస్ ఫిక్స్ చేశారాండి?"

చేశారు. అదివరకు వైఫై నిలవడం లేదని మా ఆయన ఏదో వీడియో చూసి, అది మారకుండా కట్టేశారు. ఎక్కడ చూడాలో అతను చెబితే చూశాను.

"అడ్రస్ చివర అంకె ఎంతుందండి?"

"తొమ్మిది."

"అయ్యో" అన్నాడతను.

"చెరువు మీటరుకి కూడా తొమ్మిదే ఇచ్చానండి. పెద్దాయన గారు తొమ్మిదే కావాలన్నారు."

తండ్రికి ఏ అంకె మీద ప్రేమో కొడుక్కీ అదే. ఒకరికొకరు చెప్పుకోలేదు, చెప్పుకోవాలని ఇద్దరికీ తోచలేదు. నవ్వు రాబోయింది. అంతలో గుమ్మంలోంచి హాల్లో టీవీ కనపడింది. ఐదు.

"మరి టీవీలో కనపడే నంబరో?" అన్నాను.

"మీ లాప్‌టాప్ ఆన్‌లో ఉన్నప్పుడు చెరువు నంబరు టీవీకి అందదండి. ఆఖరున వచ్చిందే అలా నిలబడిపోతుంది."

క్లాసులో ఉన్న పిల్లలకి ఒక్క మాటైనా చెప్పకుండా లాప్‌టాప్ ఆపేశాను. హాల్లోకి పరిగెత్తి టీవీ ముందు నిలబడ్డాను. ఐదు. ఇంకా ఐదే. మామయ్యగారు "ఏంటమ్మా?" అంటున్నారు, నేను తెర మీంచి చూపు తిప్పలేదు. తెర ఒకసారి నల్లబడి వెలిగింది. రెండు.

"మామయ్యగారూ, అది పాతదండీ! ఇందాకటి నంబరండీ అది!" అని అరిచాను.

ఆయనకి ఆ మాట అర్థమైందో లేదో, రెండు మాత్రం అర్థమైంది. చెప్పులు కూడా వేసుకోలేదు. ఆ వయసులో ఆయన అలా పరిగెత్తగలరని నాకు తెలీదు. వెనకే నేనూ పరిగెత్తాను. గట్టు ఎక్కేసరికి రొయ్యలు అంచు వెంబడి చేరి, నీళ్ల పైకి మూతులు పెట్టి గిలగిల్లాడుతున్నాయి. ఆయన స్విచ్చులన్నీ వరసగా పైకి కొట్టారు. ఒక ఏరియేటరు తిరగలేదు. మళ్లీ కొట్టారు. తిరిగింది. నీళ్లు తెల్లగా లేచాయి.

ఆ తర్వాత చేసేదేం లేదు. నిలబడి చూడటమే. ఏ రొయ్య కిందికి దిగుతుందో, ఏది తిరగబడుతుందో చూస్తూ ఇద్దరం గట్టు మీదే ఉండిపోయాం. నా లాప్‌టాప్ వల్లే ఇదంతా అని ఆయన అంటారని ఎదురుచూశాను. అంటే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను. తొమ్మిది కావాలన్నది ఎవరండీ అని అడిగేద్దామనుకున్నాను. నా కోపం నాకు తెలుసు, అడిగేసేదాన్నే. ఆయన ఒక్క మాటా అనలేదు. మధ్యాహ్నానికి చాలా మటుకు తేరుకుని అడుక్కి దిగాయి. వల వేసి తీసిన చచ్చినవాటిని చూసి అత్తయ్యగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పోయినవీ తక్కువేం కావు. పంట మాత్రం నిలిచింది.

సాయంత్రం నెట్ కుర్రాడు వచ్చి మీటరుకి వేరే అడ్రస్ ఇచ్చాడు. చివర ఏ అంకె ఇమ్మంటారని అడిగితే మామయ్యగారు "ఏదో ఒకటి" అన్నారు. నా లాప్‌టాప్ ఆన్ చేయించి, టీవీలో అంకె కదులుతోందని చూపించాడు. మామయ్యగారు తలూపారు.

మర్నాడు కూడా మబ్బే. నేను గదిలోకి వెళ్తుంటే పిలిచారు.

"క్లాసు ఎప్పుడమ్మా?"

"ఇప్పుడేనండి."

"అయితే నేను గట్టు మీదుంటాను. నువ్వు చెప్పుకో."

"ఇంక భయం లేదండీ మామయ్యగారూ. అడ్రస్ మార్చేశారు కదా, టీవీలో సరిగ్గానే వస్తోంది."

ఆయన కండువా భుజాన వేసుకుని, గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ అన్నారు.

"నిన్న కూడా సరిగ్గానే వస్తోందనుకునే కదమ్మా కూర్చున్నాను."