మా డిఫెండర్ అన్న గొంతు

మా ఫుట్‌బాల్ జట్టు డిఫెండర్ అన్న మంగళవారం పొద్దున పోయాడు. కువైట్‌లోని షుఐబా ప్లాంటులో పైపుల పని చేస్తూ ఉన్నచోటే కూలబడ్డాడట. వార్త మహబూలాలోని మా గదికి చేరినప్పుడు ఎవరమూ "ఎట్లా?" అని అడగలేదు. ఎండలు మొదలైనప్పటి నుంచి మాకందరికీ లోపల్లోపల ఇదే భయం.

ఆయనది రాయచోటి. చదువుకునే రోజుల్లో జిల్లా జట్టుకు ఆడాడు. రాష్ట్ర జట్టు ఎంపికకు పిలుపొచ్చిన నెలలోనే కువైట్ వీసా కూడా వచ్చింది. ఇక్కడ కొన్నాళ్లు కంపెనీ జట్టులో ఉన్నాడు. వయసు మళ్లిందని వాళ్లు పక్కన పెట్టాక, మమ్మల్ని పోగేసి జట్టు కట్టాడు. అంతకుముందు సెలవురోజు శుక్రవారమంటే మాకు బట్టలుతుక్కుని పడుకోవడమే. బంతి తన్నడం కూడా రాని నన్ను గోల్‌కీపర్ని చేశాడు.

"బంతిని చూడాకు రా, వాని నడుము చూడు. కాళ్లు మోసం చేస్తాయి, నడుము చెయ్యదు," అని కొత్తవాళ్లకు చెప్పేవాడు.

ఆటసాంతం అరుస్తూనే ఉండేవాడు. "ఎడమకు జరుగు! వాణ్ని ఇడిసిపెట్టాకు!" ఆ అరుపును బట్టే నేను ఎటు దూకాలో తెలిసేది.

ఈ ఏడాది ఆ అరుపు తగ్గుతూ వచ్చింది. మధ్యమధ్యలో మోకాళ్ల మీద చేతులానించి వంగిపోయేవాడు. అడిగితే "దుమ్మురా" అనేవాడు. దుమ్ము లేని రోజూ అదే మాట.

పోయిన శుక్రవారం నిజంగానే దుమ్ము లేచింది. ఆకాశం ఇటుక రంగుకు తిరిగింది. అవతలి జట్టువాడొకడు బంతితో ఒంటరిగా దూసుకొచ్చాడు. అన్న అరవలేదు. అడ్డంగా పడి బంతిని తన్నేశాడు, కానీ లేవలేదు. పరుగెత్తి కూర్చోబెట్టాను. పెదవులు నీలంగా ఉన్నాయి.

"ఆస్పత్రికి పోదాం పా అన్నా."

"ఇప్పుడొద్దురా. ప్లాంటు ఆపి రిపేర్లు చేస్తాండారు. ఆ పని ఖలాస్ అయినాక చూద్దాం. డాక్టరు రంజాన్‌కు ముందే చెప్పినాడులే, గుండె బాగలేదు, ఆట మానమని."

"మరి మానలేదేం?"

"మానేస్తే ఈడ నాకేముందిరా?"

"యల్లా, ఇంక పదండి" అంటూ నా భుజం పట్టుకుని లేచాడు. చివరిదాకా ఆడాడు. మేమే గెలిచాం.

నిన్న ఆయనకు చివరి స్నానం చేయించినవాళ్లలో నేనూ ఉన్నాను. మోకాళ్ల కింద ఎముక పొడుగునా చిన్న చిన్న గుంటలు, ఏళ్ల తరబడి తగిలిన బూట్ల దెబ్బలవి. పోసిన నీళ్లు పక్కలకు జారిపోతున్నా, ఆ గుంటల్లో మాత్రం కాస్త కాస్త నిలిచాయి. గుడ్డతో అద్దాను. మళ్లీ పోస్తే మళ్లీ నిలిచాయి.