నాణెం మీది రెండో ముఖం

స్త్రాతోనికేయ నగరంలో నాణేలకు అచ్చులు తొలిచే వృత్తి ఫానియాస్‌కు తండ్రినుండి సంక్రమించింది. ఎడమను కుడిగా, మిట్టను పల్లంగా భావించి ఉక్కులో ముఖాలు మలచడంలో ఆయనకు సాటి లేరు.

రోము చక్రవర్తి సెవెరస్ తన కుమారులిద్దరికీ సమాన పదవి కట్టబెట్టిన యేడు, ఆ సోదరులు ఒకరినొకరు చూచుకొనే పెద్ద కంచు నాణెం వేయాలని నగరసభ తీర్మానించింది. అన్న చిత్రపటం పదిలంగా వచ్చింది. తమ్ముడు గేటా పటం దారిలో వానకు తడిసి, ముఖమున్న చోట మరక మిగిలింది. మరొకటి తెప్పించే తీరిక ఎవరికీ లేకపోయింది. ఆ చలికాలమే ఫానియాస్ ఒక్కగానొక్క కొడుకు అద్రాస్తస్ జ్వరంతో పోయాడు. అచ్చు ముందు కూర్చున్న తండ్రి చేతికి మరో యువకుని ముఖం తోచలేదు.

రాజకుమారుణ్ణి చూచినవారు ఊళ్లో లేరు గనుక ఎవరూ పోల్చుకోలేదు. భార్య అమ్మియా మాత్రం అంగడిలో నాణెం చేతికి రాగానే పోల్చుకుంది. భర్తను ఏమీ అడగక, దాన్ని ఇంటి దేవతల గూటిలో ఉంచుకుంది.

సెవెరస్ పోయి యేడాది తిరగకముందే అన్న తమ్ముణ్ణి చంపించి తానొక్కడే చక్రవర్తిగా నిలిచాడు. గేటా ముఖం ఎక్కడా మిగలరాదని, దాచినవాడు ద్రోహి అని ఆజ్ఞ వెలువడింది. ఆ ముఖాన్ని ఉలితో చెక్కివేసి, పక్కన ‘దేవునిది’ అనే ముద్ర వేస్తేనే నాణెం చెల్లుతుంది. ఎదుటనున్న అన్నకు గీత పడకుండా ఆ పని చేయగల చేయి ఊళ్లో ఒక్కటే. ఊరి నాణేలన్నీ ఫానియాస్ చెక్కాడు. గూటి జోలికి పోలేదు.

సభ గుమాస్తా లియోన్ ఇల్లిల్లూ వెదుకుతూ వచ్చి దాన్ని బయటికి తీశాడు.

“ఏమయ్యా ఫానియాస్, ఊరందరికీ గొరిగి నీ ఇంట్లో గడ్డం పెంచుతున్నావేం?”

అమ్మియా అడ్డం వచ్చింది. “అది మీ గేటా కాదు బాబూ. నా కొడుకు. పోయిన పిల్లాడితో మీకేం పని?”

లియోన్ నవ్వు ఆగిపోయింది. “మళ్ళీ చెప్పమ్మా. చక్రవర్తి ఎదురుగా నిలబెట్టింది నీ కొడుకునా?” ఫానియాస్ వైపు తిరిగాడు. “గేటా అయితే ఇక్కడే చెక్కెయ్, మర్చిపోయావనుకుంటా. నీ కొడుకైతే మాత్రం ఇద్దరూ నాతో కచేరీకి నడవండి. ఎవరిదో చెప్పు.”

అమ్మియా భర్త ముఖంలోకే చూస్తూ నిలుచుంది.

“గేటాదే అయ్యగారూ,” అన్నాడు ఫానియాస్. “పిల్లాడు పోయాక మా ఆడదానికి మతి నిలకడగా లేదు.”

ఉలి తెచ్చుకున్నాడు. నుదురు, ముక్కు, చుబుకం కింది లేతదనం, ఏ వరుసలో మలిచాడో ఆ వరుసలోనే తొలగించాడు. సృష్టి సంహారాలు ఒకే చేత ఉండడం దైవానికి మహిమ. ఆ తండ్రికి అది కూలిపని. ఎదుట అన్నగారి కన్ను చెక్కుచెదరలేదు.

లియోన్ ముద్ర కొట్టి, నాణేన్ని అమ్మియా అరచేతిలో పెట్టాడు. “తీసుకోమ్మా. ఇప్పుడిది ఎక్కడైనా చెల్లుతుంది.”

ఆ సాయంత్రమే ఆమె దానితో ఉప్పుచేప కొని తెచ్చి, వండి, భర్తకు వడ్డించింది. తాను తినలేదు. ఆయన తిన్నాడు.