నిలబడిన బండికి గాలి తగలదు

ఎనభై రెండో, ఎనభై మూడో సంవత్సరం. అనంతపురంలో లారీలు బాగుచేసే షెడ్డు నాది. నా చదువు సంగతి ముందే చెప్పేస్తాను. ఐదో తరగతిలో నాకూ అయ్యవారికీ పంతం పడింది. నేను చదవనంటాను, ఆయన వదలనంటాడు. మూడో ఏడు ఆయనే ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని పోయినాడు. గెలిచినానని వీధంతా చెప్పుకున్నాను. ఆయన పోయింది ప్రమోషన్ మీదని తర్వాత తెలిసింది.

ఆ రోజుల్లో మా జిల్లాలో వాన లేదు. బోర్లు వేసే రిగ్గులకు మాత్రం తీరిక లేదు. కొత్త రిగ్గు కొనలేనోళ్లు పాత లారీ మీదనే కట్టించుకునేవాళ్లు. లారీ ఇంజన్‌కే ఒక షాఫ్టు తగిలించి కంప్రెసర్ తిప్పేవాళ్లు. కంప్రెసర్ అంటే గాలిని ఒత్తిపట్టి బోరు గుంతలోకి తోసే మిషను. ఆ గాలితోనే అడుగున సుత్తి ఆడుతుంది, రాతిపిండి పైకి లేస్తుంది. రోడ్డు మీద పరిగెత్తేదానికి చేసిన ఇంజను చేన్లో ఒకచోట నిలబడి పొద్దంతా అరుస్తా ఉంటుంది.

అట్లాంటి బండే ఓబులేసుది. శింగనమల దిక్కు మనిషి, ముప్పై ఏండ్లుంటాయి. డ్రైవరూ తనే, ఓనరూ తనే. ఒకనాడు షెడ్డుకొచ్చినాడు.

"అన్నా, ఇంజనాయిలు కాగిపోతాంది. ఏదో ఒకటి చెయ్. వచ్చేవారం బెళుగుప్ప కాడ సుంకమ్మని, ఆయమ్మకు బోరెయ్యాల. బాయి ఎండిపోయి నూటిరవై చీనీచెట్లు వాడిపోతాండాయి. మొగుడు లేడు. ఆ చెట్లే ఆయమ్మకు కూడు. పదైదు దినాలు దాటితే ఒగటీ నిలబడదు."

"నాకొక బుట్ట చీనీకాయలు ఇప్పిస్తావా మల్ల?" అన్నాను. బత్తాయిని మా దిక్కు చీనీ అంటాం.

"నీళ్లు పడనీ. నువ్వే చెట్టెక్కి కోసుకుందువు."

ఇంజన్ లోపల ఇనుముకూ ఇనుముకూ మధ్య ఆయిలు పొర ఒకటి ఉంటుంది. ఆయిలు మరీ కాగితే నీళ్లలాగా పలచనై ఆ పొర తెగుతుంది. అప్పుడు బేరింగులు, అంటే ఇంజన్‌కు ఇరుసులాంటి క్రాంక్ షాఫ్టు తిరిగే మెత్తటి లోహపు గిన్నెలు, అరిగి షాఫ్టుకు కరుచుకుంటాయి. ఇంజన్ బిగుసుకుపోతుంది. దాన్ని సీజ్ అంటాం.

మందు నా దగ్గర ఉండింది. పాత మిలిటరీ బండిలోని ఆయిల్ కూలర్. ఆయిలుకని వేరుగా పెట్టే చిన్న రేడియేటర్ అనుకోండి. ముందర ఫ్యాను దగ్గర జాగా చాలక, ఛాసిస్ పక్కన, అంటే బండి అడుగు చట్రం పక్కన, కిందుగా బిగించినాను. రోడ్డు గాలి నేరుగా వచ్చి తగిలే చోటు అది. మిట్టమధ్యాహ్నం కదిరి దాకా తోలి చూసినాను. ఆయిలు పలచనైతే దాని ప్రెషర్ పడిపోతుంది. ఆ ప్రెషర్ చూపించే ముల్లు జానెడు కాదు గదా, వెంట్రుకవాసి కూడా దిగలేదు. మీసం మీద చెయ్యి వేసుకున్నాను.

ఐదో దినం ఓబులేసు మళ్లీ వచ్చినాడు. దగ్గర్లో చిన్న బోరొకటి వేసి, నేరుగా బండి తోలుకుని వచ్చినాడు.

"అన్నా, రెండు గంటలు ఆడిచ్చినాక ముల్లు పడిపోతాంది."

బండి నా ముందరే ఉంది. ఇంజన్ ఆడుతానే ఉంది. ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. చుట్టూ నలుగురు ఉన్నారు. నాకు అంతకంటే ఏం కావాల?

"మా షెడ్డు గేటు కనపడితేనే నయమైపోయిందే! ఏమప్పా, ముల్లుకు నామీద మనసు పడిందేమో. మీ ఇంట్లో ఒప్పుకుంటారేమో కనుక్కో."

అందరూ నవ్వినారు. ఓబులేసు కూడా నవ్వినాడు, కానీ వెంటనే పోలేదు.

"ఒగసారి చేన్లోకొచ్చి చూడన్నా."

"కదిరి దాకా తోలినోన్ని, నాకు తెలీదా? పో, ముందు ఆయమ్మ బోరు చూడు."

ఆ తర్వాత నాలుగో దినం బెళుగుప్ప బస్సు కండక్టరు కబురు తెచ్చినాడు. ఇంజన్ ఆగిపోయింది, ఓబులేసు రమ్మన్నాడని. సామాన్ల పెట్టె తీసుకుని అదే బస్సులో పోయినాను.

రిగ్గు చుట్టూ తెల్లగా రాతిపిండి. దాని పైన, అన్నిటికంటే చివర లేచిన పిడికెడంత నల్లటి తడిమన్ను. సుంకమ్మ ఆ తడిమన్ను మీద పసుపూ కుంకుమా చల్లి పెట్టింది.

"ముల్లు పడిపోతే ఆపాల్సింది గదప్పా?" అన్నాను.

"తడి కనపడినాక యాడ ఆపేదన్నా?" అన్నాడు ఓబులేసు.

నాకూ తెలుసు. తడిమన్ను లేచినాక ఏ రిగ్గువాడూ గాలి ఆపడు. ఆపితే ఆ తడిపిండి చుట్టూ బిగుసుకుని సుత్తి ఊడి రాదు. ఊర్లోవాళ్లయితే గంగమ్మ మొగం తిప్పుకుంటుందంటారు. ఇంకొక గంట, ఇంకొక రాడ్డు లోతు అని ఆడించినాడు. ఇంజనే ఆగింది.

కిందికి దూరి సంపు విప్పినాను. సంపు అంటే ఆయిలు నిలిచే తొట్టి. ఆయిల్లో బేరింగు లోహం పొడి మిలమిలా మెరుస్తా ఉంది. ఎంతసేపు కింద పండుకున్నానో గుర్తులేదు. చెమట కారుతా ఉంది గానీ గాలి లేదు. అప్పుడు ఎక్కింది నా బుర్రకు. నేను పెట్టిన కూలర్‌కు కావాల్సింది ఆ గాలే. బండి పరిగెత్తితేనే అది పనిచేస్తుంది. ఈ బండి బతుకంతా నిలబడే చేస్తుంది. ఆ పొద్దు ఓబులేసు షెడ్డు దాకా తోలుకొచ్చిన దారిలో గాలి తగిలి ఆయిలు చల్లబడింది, ముల్లు లేచింది. నేను దాన్ని చూసి ఎగతాళి చేసినాను.

సుత్తీ, దాన్ని దించిన రాడ్లూ గుంతలోనే ఉండిపోయినాయి. ఇంకొక రిగ్గు దొరికేసరికి నెల దాటింది. ఈలోపల సుంకమ్మ బిందెలతో నీళ్లు మోసి పోసింది, పదకొండు చెట్లకు. మూడు దినాలు పోయినాక ఆరింటికే. తర్వాత మోయలేదు. ఓబులేసు బండిని పాత ఇనుముకు ఇచ్చి, బళ్లారిలో ఎవరి లారీకో డ్రైవరుగా కుదిరినాడు. 

ఆ తర్వాత ఏ రిగ్గు బండికి కూలర్ పెట్టినా దానికి వేరే ఫ్యాను బెల్టుతో తిప్పిస్తాను. బండిని ఎండలో నాలుగు గంటలు నిలబెట్టే ఆడించి చూస్తాను.

ఏడాది తర్వాత ఆ పక్కకు పనిమీద పోయి సుంకమ్మ ఇంటికాడ ఆగినాను. గుమ్మంలో చేటతో శెనక్కాయలు చెరుగుతా ఉంది. చెట్లు ఉన్నచోట మొద్దులు మిగిలినాయి. ఓబులేసు నా షెడ్డుకు రెండోసారి వచ్చిందీ, నేను అన్నదీ, అందరూ నవ్విందీ ఒకటీ దాచకుండా చెప్పినాను. చివరికి అన్నాను:

"అప్పుట్నుంచి ముల్లు చెప్పే మాట తీసెయ్యనమ్మా."

ఆమె చేట ఆపలేదు.

"ముల్లు యాడ మాట్లాడ్తాది నాయనా? నీతో మాట్లాడింది ఓబులేసు గదా."