బ్రేకు మెత్తబడితే పాదాన్ని అనుమానించాను

తాండూరులో రైలు గేటు పడుతోంది. నా ముందు నాపరాళ్ల లారీ ఆగింది. నేనూ బ్రేకు తొక్కాను. జీపు ఆగింది కానీ ఎప్పుడూ ఆగే చోట ఆగలేదు. లారీ వెనక చెక్కకు జానెడు దూరం దాకా జారి ఆగింది. పెడలు గట్టిగా తగల్లేదు. పాదం కింద ఎవరో దూది పెట్టినట్టు మెత్తగా లోపలికి దిగింది.

జీపు పాతది, బ్రేకు చూపించుకోవాలి అనుకోవాల్సిన సమయం అది. నేను అలా అనుకోలేదు. నాకు మా అన్న గుర్తొచ్చాడు. ఆయనకీ నాలాగే షుగర్. "దూది మీద నడుస్తున్నట్టు ఉందిరా" అని ఆయన మొదటిసారి అన్నప్పుడు మేం నవ్వాం. ఆ తర్వాత పాదానికి పుండు పడింది, మోకాలి కింద వరకు కాలు తీసేశారు. రైలు పోయి గేటు లేచింది. వెనక బండ్లు హారన్ కొడుతున్నాయి. నేను మాత్రం నా కుడి పాదం వంకే చూస్తూ కూర్చున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. నాకు పెంచి చెప్పే అలవాటుంది. నేను ఏళ్ల తరబడి కోట్‌పల్లి ప్రాజెక్టు నుంచి తాండూరు మార్కెట్‌కు ఇదే జీపులో చేపలు తోలినవాణ్ని. అక్కడ రెండు కిలోలున్న రవ్వ చేప తాండూరు చేరేసరికి నా నోట్లో ఐదు కిలోలయ్యేది. ఇందులోనూ ఎక్కడైనా పెంచినట్టు అనిపిస్తే కాస్త ఓపిక పట్టండి, నేనే వచ్చి తగ్గిస్తాను.

నా భార్య మణెమ్మకు దూది సంగతి చెప్పాను. జీపు సంగతి చెప్పలేదు. వికారాబాద్‌లో షుగర్ చూసే డాక్టరమ్మ దగ్గరికి పోదాం అంది. జీపులోనే పోయాం.

"ఎప్పటి నుంచి తాతా?" అంది డాక్టరమ్మ. మా బిడ్డ వయసే ఉంటుంది.

"నెల నుంచి బిడ్డా. కాలు పెడితే దూది మీద పెట్టినట్టు అయితాంది."

"రెండు కాళ్లకా, ఒకదానికేనా?"

బ్రేకు తొక్కేది కుడికాలు. "కుడిదానికే."

"నడిచేటప్పుడేనా? కూర్చున్నప్పుడు కూడా ఉంటుందా?"

నిజం చెప్పాలంటే నడిచేటప్పుడూ లేదు, కూర్చున్నప్పుడూ లేదు. బ్రేకు తొక్కినప్పుడే ఉంది. కానీ ఆ మాట అంటే జీపు ముట్టొద్దంటుందని భయం. "నడుస్తే, కూసుంటే, పండుకుంటే, ఎప్పుడూ ఉంటది" అన్నాను.

"బండి నడుపుతారా?"

"ఎప్పుడో ఇడిచిపెట్టిన."

జీపు తాళంచెవి నా చేతిలోనే ఉంది. మణెమ్మ దాన్ని చూసి, నన్ను చూసి, గోడ మీది బోర్డు చదవడం మొదలుపెట్టింది. ఆమెకు చదువు రాదు.

డాక్టరమ్మ నన్ను కళ్లు మూసుకోమని, నైలాన్ దారం లాంటిది పాదం మీద అక్కడక్కడ ఆనించింది. తగిలినప్పుడల్లా చెప్పమంది. నేను కొన్నిసార్లు చెప్పాను. కళ్లు తెరిచి చూస్తే ఆమె మొహం మారి ఉంది. తగిలిందని నేను చెప్పనిచోట్ల కూడా ఆమె దారం ఆనించిందట. కుడి పాదం మీదే కాదు, ఎడమ పాదం మీద కూడా. ఎడమ పాదం సంగతి నాకు తెలియనే తెలియదు.

"షుగర్ వల్ల నరాలు మొద్దుబారడం, అంటే న్యూరోపతి, మొదలైంది తాతా. అది మామూలుగా రెండు కాళ్లకూ కలిసే వస్తుంది. మీరు కుడిది ఒక్కటే ఇంత ఎక్కువ అంటున్నారు. అది నాకు అర్థం కావడం లేదు. నరాలు ఎలా పనిచేస్తున్నాయో చూసే నర్వ్ కండక్షన్ టెస్ట్ చేయిద్దాం."

ఆ టెస్టులో కరెంటు పెట్టి నన్ను మంచం మీద నుంచి ఎగరేశారని తాండూరులో అందరికీ చెప్పాను. ఎగరేయలేదు. చిన్నగా చురుక్కుమంది, వేళ్లు వాటంతటవే కదిలాయి, అంతే.

రిపోర్టు రావడానికి కొన్నాళ్లు పట్టింది. ఆ కొన్నాళ్లలో పెడలు ఇంకా మెత్తబడింది. రెండుసార్లు టకటకా తొక్కితే గానీ పట్టేది కాదు. అలా తొక్కిన ప్రతిసారీ నా జబ్బు ముదురుతోందని లెక్కేసుకున్నాను. ఇంటికొచ్చి, తలుపు వేసుకుని, కుడి పాదంతో గోడను నెట్టి చూసుకునేవాణ్ని. గోడ గట్టిగానే తగిలేది. అది చాలదా నీకు అని ఇప్పుడు మణెమ్మ అడుగుతుంది. భయం పట్టిన మనిషికి చాలదు. గోడ దగ్గర బాగుంది, రేపు ఇక్కడా పోతుంది అనుకున్నాను.

మెకానిక్ ఖలీల్ దగ్గరికి కూడా పోయాను. వాళ్ల నాన్న కాలం నుంచీ మా జీపు ఆ షెడ్డులోనే.

"బ్రేక్ ఆయిల్ దిగింది చాచా" అన్నాడు మూత తీసి. "బ్రేకు షూలు అరిగితే జర దిగుతది. ఫికర్ జెయ్యకుండ్రి." పైనుంచి పోసి మూత పెట్టాడు. మళ్లీ పోతే మళ్లీ పోశాడు. పెడలు మెత్తగా ఉందని నేను చెప్పలేదు. చెబితే, అది మీ కాలే చాచా అంటాడని భయం. వెనక చక్రం పక్కన నేల మీద అప్పుడప్పుడూ తడి కనిపించేది. కడిగిన నీళ్లు కారాయనుకున్నాను. ఎప్పుడు కడిగానో మాత్రం ఆలోచించలేదు.

రిపోర్టు తీసుకోవడానికి ఇద్దరం మళ్లీ వికారాబాద్ పోయాం. "మైల్డ్ న్యూరోపతి. రెండు కాళ్లకూ సమానంగా ఉంది" అంది డాక్టరమ్మ. టాబ్లెట్లు రాసింది. చెప్పులు లేకుండా నడవొద్దంది, రోజూ పాదాల కింద చూసుకోమంది. సమానంగా ఉంటే కుడిదే ఎందుకు మెత్తబడుతోంది అని దారంతా ఆలోచిస్తూ అనంతగిరి గుట్ట ఎక్కాను.

దిగేటప్పుడు మలుపు దగ్గర ముందున్న కారు ఆగింది. రోడ్డు మీద కోతులు. కారు వెనక సీట్లోంచి పిల్లలు వాటికి అరటిపండ్లు చూపిస్తున్నారు. బ్రేకు తొక్కాను. పెడలు నేలకు ఆనింది, అడ్డం అన్నదే లేదు. మళ్లీ తొక్కాను. మళ్లీ నేలే.

"మణెమ్మా, నా కాలు సచ్చిపోయింది" అన్నాను.

ఆమె వంగి రెండు చేతులతో నా మోకాలి మీద బరువేసి నొక్కింది.

"తొక్కు."

"తొక్కుతున్ననే."

ఆమె ఇంకా కిందికి వంగి చూసింది. "ఇంక యాడికి తొక్కుతవయ్యా, నీ కాలు నేలకానింది. కాలు మంచిగనే ఉంది. బండికేదో అయింది."

ఆ మాటతో నా చేతులకు ప్రాణం వచ్చింది. గేరు దించాను, ఇంజను గొల్లుమంది. హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగాను, స్టీరింగు కొండవైపు తిప్పాను.

ఆ తర్వాత జరిగింది మీరు తాండూరు హోటల్లో విని ఉంటే అది తప్పు. ముందు చక్రం లోయ మీద వేలాడిందని, పొదలో నుంచి చిరుత చూసిందని నేనే చెప్పాను. అక్కడ లోయ లేదు. చిరుతా లేదు. రోడ్డు పనికి పోసిన మొరం కుప్ప ఉంది. జీపు దాంట్లో ముక్కు గుచ్చుకుని ఆగింది. మణెమ్మ నుదురు ముందద్దానికి తగిలి బొప్పి కట్టింది. ఆ కారులోని పిల్లలు మేం ఆగిన చోటికి ఎంత దగ్గరలో ఉన్నారంటే, వాళ్ల చేతుల్లోని అరటిపండు తొక్క మీద మచ్చలు కూడా కనిపించాయి. వాళ్లు వెనక్కి తిరిగి చూడలేదు. ఈ సంగతి ఒక్కటి నేనెప్పుడూ ఎవరికీ పెంచి చెప్పలేదు.

ఖలీల్ వచ్చి జీపును కట్టి లాక్కుపోయాడు. షెడ్డులో పైకెత్తి నన్ను కిందికి పిలిచాడు. బ్రేకు ఆయిల్ పోయే సన్నటి ఇనుప పైపు వెనక చక్రం వైపు పోయేచోట చూపించాడు. గోటితో గీకితే నల్ల రంగు పెచ్చులుగా ఊడింది. దాని కింద పైపు ఎర్రటి పొట్టు. ఒకచోట నోరు తెరుచుకుంది.

"ఇది ఉప్పు తిన్న పైపు చాచా. మీరు చాపల్ల అయిసుకు ఏం కలుపుతుంటిరి?"

రాళ్ల ఉప్పు కలిపేవాణ్ని. అయిసు ఇంకా చల్లబడి చేపలు పాడవకుండా. ఆ ఉప్పు నీళ్లు జీపు అడుగు రంధ్రాల్లోంచి ఏళ్ల తరబడి ఆ పైపు మీదే కారాయి. ఏటా దసరాకు కింద అంతా నల్లరంగు కొట్టించేవాణ్ని, కొత్తదానిలా కనిపించాలని. తుప్పు మీదే రంగు పడింది.

"పాత బండిల ఒకటే లైను ఉంటది. ఒక్క తాన పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతది. ఆయిల్ కారి గాలి దూరితే పెడలు మెత్తగైతది. మెత్తగైందని ఒక్క మాట అనకపోతిరి."

"నువ్వు కింద చూడకపోతివి."

"చూడలే. నాదీ తప్పే" అన్నాడు ఖలీల్. తర్వాత మొత్తం లైన్లన్నీ కొత్తవి వేశాడు.

నా కథ ఇక్కడ ఆగి ఉంటే ఈ పత్రికకు రాసేవాణ్ని కాదు.

కొత్త పైపులతో పెడలు రాయిలా గట్టిగా తగిలింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. జబ్బు నాది కాదు, జీపుది. డాక్టరమ్మ రాసిన టాబ్లెట్లు మానేశాను. పాదాల కింద చూసుకోవడం మానేశాను.

"ఆయమ్మ రెండు కాళ్లకూ ఉన్నదన్నది గదా" అంది మణెమ్మ.

"గది బ్రేకు జబ్బే. ఖలీల్ బాగుచేసిండు."

"నీ ఎడమ కాలుకు యాడిది బ్రేకు?"

అన్నీ నీకే తెలుసా అని కోపం తెచ్చుకున్నాను.

మా వీధిలో నాపరాళ్లు కోసే మిషన్లున్నాయి, రాతి ముక్కలు ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. ఒకటి నా కుడి చెప్పులో దూరింది. ఎన్ని రోజులుందో తెలియదు. ఒక ఉదయం మణెమ్మ ఇల్లు తుడుస్తూ నన్ను పిలిచింది. నేను నడిచిన చోటల్లా నేల మీద చిన్న తడి మచ్చ ఉంది. జీపు చక్రం పక్కన చూసిన తడి నాకు వెంటనే గుర్తొచ్చింది. కాలెత్తి చూపించడానికి భయమేసింది. ఆమే కూర్చోబెట్టి ఎత్తి చూసింది. చిటికెన వేలి కింద పుండు పడి ఉంది. వికారాబాద్ పోవడానికి చీర మార్చుకుని వచ్చింది.

"నొప్పి లేదా?" అంది డాక్టరమ్మ.

"అస్సలు లేదు."

"అదే కదా సమస్య తాతా."

ఎక్స్‌రేలో ఇన్ఫెక్షన్ చిటికెన వేలి ఎముక దాకా పోయిందని తేలింది. ఆసుపత్రి మంచం మీదే నేను డాక్టరమ్మకు అంతా చెప్పాను. రైలు గేటు, దూది, తాళంచెవి, మొరం కుప్ప. చిరుతను కలపలేదు.

ఆమె కోప్పడుతుందనుకున్నాను. పెన్ను పక్కన పెట్టింది. "బ్రేకు తొక్కితేనే మెత్తగా ఉందని ఆ రోజు చెప్పి ఉంటే, బండి మెకానిక్‌కు చూపించమని అప్పుడే చెప్పేదాన్ని. పాదాన్ని నేను చూసేదాన్ని. రెండు జబ్బులు కలిపి ఒక్కటని చెప్పారు."

వేలు తీసేశారు. అంతటితో అయిపోలేదు. గాయం అంచు నల్లబడింది. మళ్లీ డీబ్రైడ్‌మెంట్ అన్నారు, చచ్చిన కండ కోసి తీయడం. డ్రెస్సింగ్ విప్పే ప్రతి ఉదయమూ నేను కళ్లు మూసుకునేవాణ్ని. మణెమ్మ చూసి చెప్పేది: "ఎర్రగున్నది." ఎర్రగా అంటే బతికి ఉన్నట్టు. నల్లగా అనే మాట కోసం చెవులు భయంతో ఎదురుచూసేవి. మా అన్నకు కాలు ఎక్కడి వరకు తీశారో నా మోకాలి కింద వేలితో కొలుచుకునేవాణ్ని. నా కాలి మీద కూడా డాక్టర్లు పెన్నుతో గీత గీశారని బంధువులకు చెప్పాను. ఎవరూ గీయలేదు. ఆ గీత నేనే నా మనసులో గీసుకున్నాను. అది ఇంకా పూర్తిగా చెరగలేదు.

పాదం నిలిచింది. మెత్తటి అడుగున్న చెప్పులు వేసుకుంటున్నాను, టాబ్లెట్లు మానలేదు. "పెడలు మీద ఎంత నొక్కుతున్నారో మీకు తెలియనప్పుడు నడపకూడదు" అంది డాక్టరమ్మ. ఈసారి తాళంచెవి ఆమె ముందే మణెమ్మ చేతిలో పెట్టాను. ఇప్పుడు చేపలు మా అల్లుడు తోలుతున్నాడు. ఉప్పు కలపడు. తిరిగొచ్చాక మంచినీళ్లతో జీపు అడుగు కడుగుతాడు. ఒక్కోరోజు మా బిడ్డ కూడా పక్కన కూర్చుని పోతుంది. అందుకే నాకు గుబులు పోలేదు, పోనివ్వను కూడా.

నాలాంటి షుగర్ వాళ్లకూ, పాత బండ్లున్న వాళ్లకూ చెప్పేది ఒక్కటే. పెడలు మెత్తగా దిగితే అది మీ కాలో బండో మీకు మీరే తేల్చుకోకండి. బండిని అక్కడే ఆపి, ఇంకొకరి కాలుతో బ్రేకు తొక్కించండి. వాళ్ల కాలుకూ మెత్తగా ఉంటే, కింద పైపు మొత్తం మెకానిక్‌కు చూపించే దాకా ఆ బండి కదలకూడదు.

మా ఇంట్లో ఆ ఇంకొకరి కాలు మణెమ్మది. ఆదివారం జీపు బయల్దేరే ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, ఆమె ఎక్కి బ్రేకు తొక్కి పట్టుకుంటుంది. నేను వెల్లకిలా పడుకుని, తల జీపు కిందికి పోనిచ్చి, టార్చి వేసి పైపు ఈ కొస నుంచి ఆ కొస దాకా చూస్తాను. కాళ్లు బయటే ఉంటాయి.

"గట్టిగున్నదా?" అంటాను.

"గట్టిగనే ఉన్నది. నీ దిక్కు?"

"ఎండి ఉన్నది."

జీపు కదిలినట్టవుతుంది, ఆమె దిగుతోందన్నమాట. నేను బయటికి జరగబోతాను. ఆమె నా చెప్పు విప్పి, చీలమండ దగ్గర చేత్తో పట్టుకుంటుంది. పట్టు తెలుస్తుంది, వేళ్లు తెలియవు.

"అత్తమ్మా, పొద్దెక్కుతాంది" అంటాడు అల్లుడు.

"ఎక్కనీ" అంటుంది ఆమె. "జరగకయ్యా. ఇంకో పాదం చూడలే."